సినాప్టోఫిజిన్ యాంటీబాడీ

నాడీకణాల కొసల్లో ఉండే సినాప్టిక్ తిత్తుల పొరలో సినాప్టోఫిజిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకునే ప్రయోగశాల సాధనమే సినాప్టోఫిజిన్ యాంటీబాడీ. మెదడులో సినాప్సులు, అంటే నాడీకణాలు ఒకదానికొకటి కబురందించే చోట్లు, ఎక్కడెక్కడ ఉన్నాయో చూడడానికి నాడీ శాస్త్రవేత్తలు, న్యూరోఎండోక్రైన్ కణితులను గుర్తుపట్టడానికి పాథాలజిస్టులు దీన్ని వాడతారు. 1985లో వెలుగులోకి వచ్చిన ఈ సాధనం నాలుగు దశాబ్దాలుగా రెండు రంగాల్లోనూ నిత్యవాడుకలో ఉంది. అయితే అది సొంతంగా చెప్పేది ఒక్కటే: ఈ ప్రోటీన్ ఇక్కడ ఉంది. అక్కడ సినాప్స్ ఉందనీ, అది పనిచేస్తోందనీ, ఈ గడ్డ ఫలానా జాతిదనీ తేల్చేది ఆ ఒక్క సాక్ష్యాన్ని చదివే మనిషి. ఆ చదువు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో తెలిస్తేనే ఈ సాధనం వాడడం వచ్చినట్టు.

తిత్తులు

నాడీకణం పక్క కణానికి కబురు పంపాలంటే చాలాచోట్ల రసాయనం కావాలి. గ్లూటమేట్, గాబా, ఎసిటైల్‌కోలిన్ వంటి ఆ రసాయనాలు ఆక్సాన్ అనే పొడవాటి తంతువు కొసలో సుమారు 40 నానోమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి తిత్తుల్లో నిండి ఉంటాయి. విద్యుత్ సంకేతం కొసదాకా రాగానే కాల్షియం లోపలికి వస్తుంది. కొన్ని తిత్తులు కణపు పొరతో కలిసిపోయి తమలోని రసాయనాన్ని బయటికి వదులుతాయి. ఖాళీ అయిన పొరను కణం మళ్లీ లోపలికి లాక్కుని కొత్త తిత్తులు చేసుకుంటుంది. ఈ తిత్తులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి చిక్కింది 1950ల నడుమ. నాడీ రసాయనం పొట్లాలు పొట్లాలుగా విడుదలవుతుందని బెర్నార్డ్ కాట్జ్ బృందం అదే దశాబ్దంలో విద్యుత్ కొలతలతో చూపింది. 1970 నోబెల్ బహుమతిలో కాట్జ్‌కు వాటా దక్కింది.

చూడడం ఒక ఎత్తు, విడదీసి చేతిలోకి తీసుకోవడం మరో ఎత్తు. 1960లలో బ్రిటన్‌లో విక్టర్ విటకర్ బృందం మెదడు కణజాలాన్ని నలగ్గొట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ముందు తెగిపడిన నాడీ కొసలను, ఆ తర్వాత వాటిలోని తిత్తులను వేరుచేసే పద్ధతి తెచ్చింది. తర్వాతి కథంతా ఆ పద్ధతి మీదే ఆధారపడింది. యాంటీబాడీ తయారు కావాలంటే జంతువుకు ఎక్కించడానికి శుభ్రమైన తిత్తులు చేతిలో ఉండాలి కదా.

1985

1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఒక ఉపాయం కనిపెట్టారు. టీకా వేసిన ఎలుక ప్లీహం నుంచి యాంటీబాడీలు తయారుచేసే కణాలను తీసి, చావులేని మైలోమా క్యాన్సర్ కణాలతో కలిపేశారు. అలా పుట్టిన హైబ్రిడోమా కణాన్ని ఒక్కొక్కటిగా విడదీసి పెంచితే, దాని సంతానమంతా ఒకే రకం యాంటీబాడీని ఎన్నేళ్లయినా తయారుచేస్తూనే ఉంటుంది. మోనోక్లోనల్ యాంటీబాడీ అంటే ఇదే. 1984లో వీరిద్దరికీ, నీల్స్ యర్నేకూ కలిపి నోబెల్ ఇచ్చారు.

ఆ మరుసటి ఏడాదే రెండు బృందాలు, ఒకదాని సంగతి ఒకటి చూసుకోకుండా, మెదడు తిత్తుల్లో ఒకే ప్రోటీన్‌ను పట్టుకున్నాయి. హైడెల్‌బర్గ్‌లోని జర్మన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో బెర్ట్రమ్ వీడెన్‌మాన్, వెర్నర్ ఫ్రాంకె ఆవుజాతి పశువుల మెదడు తిత్తులతో పనిచేసి ఎస్‌వై38 అనే క్లోన్‌ను సాధించారు. అమెరికాలో పాల్ గ్రీన్‌గార్డ్‌తో కలిసి పనిచేసిన రైన్‌హార్డ్ యాన్, ఆయన సహచరులు తాము పట్టుకున్నదానికి పీ38 అని పేరుపెట్టారు. రెండూ సుమారు 38 కిలోడాల్టన్ల బరువున్న, చక్కెర గొలుసు తగిలించుకున్న ఒకే పొర ప్రోటీన్ అని తేలింది. హైడెల్‌బర్గ్ వాళ్లు పెట్టిన సినాప్టోఫిజిన్ అన్న పేరే నిలిచింది. ఎస్‌వై38 క్లోన్ ఇప్పటికీ అమ్మకంలో ఉంది.

ఇక్కడ గమనించదగ్గ సంగతి ఒకటుంది. ఈ రంగంలో చాలా యాంటీబాడీలు ముందే తెలిసిన ప్రోటీన్ కోసం తయారైనవి. సినాప్టోఫిజిన్ విషయంలో యాంటీబాడీ, ప్రోటీన్ ఒకే చోట, ఒకేసారి బయటపడ్డాయి. తిత్తుల మిశ్రమం ఎక్కిస్తే ఎలుక రోగనిరోధక వ్యవస్థ దీన్ని ఎంచి చూపించింది. అలా ఎంచడానికి కారణం ఆ ప్రోటీన్ ఆకారంలోనే ఉందని తర్వాత అర్థమైంది.

ప్రోటీన్ రూపం, యాంటీబాడీ పట్టు

1987లో థామస్ ష్యూడోఫ్, యాన్ బృందంతో పాటు మరికొన్ని బృందాలు సినాప్టోఫిజిన్ జన్యు క్రమాన్ని చదివాయి. మనిషిలో ఇది 313 అమైనో ఆమ్లాల గొలుసు. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉంటుంది. గొలుసు తిత్తి పొరను నాలుగుసార్లు దాటుతుంది. రెండు కొసలూ తిత్తి బయటివైపు, అంటే కణద్రవంలోనే ఉంటాయి. తిత్తి లోపలికి చొచ్చుకొచ్చే మెలికలు రెండు; వాటిలో ఒకదానికి చక్కెర గొలుసు తగిలి ఉంటుంది. బయటికి వేలాడే చివరి తోక సుమారు 90 అమైనో ఆమ్లాల పొడవు. అందులో టైరోసిన్, గ్లైసిన్‌లతో మొదలయ్యే ఐదు అక్షరాల వరుస మళ్లీ మళ్లీ వస్తుంది.

ఎలుకకు కనిపించింది ఆ తోకే. ఒకే ఆకృతి పదేపదే రావడం, తిత్తి ఉపరితలం మీద అందుబాటులో ఉండడం, పైగా ప్రోటీన్ సమృద్ధిగా ఉండడం, ఈ మూడూ కలిసి దాన్ని రోగనిరోధక వ్యవస్థ కంట పడేలా చేశాయి. ప్రచారంలో ఉన్న సినాప్టోఫిజిన్ యాంటీబాడీల్లో చాలావరకు పట్టుకునేది ఈ తోకనే. దీని వల్ల పరిశోధకుడికి ఒక షరతు తప్పదు. తోక కణం లోపల ఉంటుంది, యాంటీబాడీ బతికున్న కణం పొర దాటి లోపలికి పోలేదు. అందుకే ముందు కణాన్ని ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచి, డిటర్జెంట్‌తో పొరకు చిల్లులు పెట్టాలి. అంటే ఈ యాంటీబాడీ చూపేదంతా చచ్చిన కణంలో ఆగిపోయిన క్షణమే.

ఒక్కో తిత్తిలో సినాప్టోఫిజిన్ ఎంత ఉంటుందో 2006లో షిగెయో తకమోరి, యాన్ బృందం లెక్కగట్టింది. ఎలుక మెదడు తిత్తి ఒక్కోదానిలో సగటున 70 దాకా సినాప్టోబ్రెవిన్ అనే మరో తిత్తి ప్రోటీన్ అణువులు, 32 దాకా సినాప్టోఫిజిన్ అణువులు, 15 దాకా సినాప్టోటాగ్మిన్ అనే ఇంకో ప్రోటీన్ అణువులు ఉన్నట్టు తేలింది. బరువులో చూస్తే తిత్తి ప్రోటీన్లలో దాదాపు పదో వంతు సినాప్టోఫిజిన్‌దే. ఇంత దండిగా ఉండడమే యాంటీబాడీ మెరుపుకు మూలం. అరుదైన ప్రోటీన్ మీద ఎంత మంచి యాంటీబాడీ వేసినా ఇంత గాఢమైన రంగు రాదు.

మరి ఈ ప్రోటీన్ చేసే పని ఏమిటి? ఇంత ముఖ్యమైన గుర్తుగా పేరుపడ్డ ప్రోటీన్ లేకపోతే మెదడు కుప్పకూలాలి అనుకుంటాం. 1990ల నడుమ సినాప్టోఫిజిన్ జన్యువు తీసేసిన ఎలుకలు పుట్టాయి, పెరిగాయి, పిల్లల్ని కన్నాయి. మెదడు నిర్మాణంలోగానీ, రసాయనం విడుదలలోగానీ మొదట్లో పెద్ద తేడా కనబడలేదు. దాని బంధువైన సినాప్టోగైరిన్‌ను కూడా తీసేస్తే సినాప్సుల బలం మారే తీరులో లోపం కనిపించిందని 1999లో తెలిసింది. తిత్తి తిరిగి తయారయ్యేటప్పుడు సినాప్టోబ్రెవిన్‌ను వెనక్కి చేర్చడంలో సినాప్టోఫిజిన్ సాయపడుతుందని 2011 నాటి పనులు చూపాయి. మనుషుల్లో ఈ జన్యువు దెబ్బతింటే మేధోవైకల్యం రావచ్చని 2009లో ఎక్స్ క్రోమోజోమ్ పరిశోధన ఒకటి తెలిపింది. తిత్తిలోకి ప్రోటాన్లను పంపే వీ-ఏటీపేస్ పంపుకు ఇది అంటిపెట్టుకుని ఉంటుందని 2024లో క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాల్లో కనిపించింది. పని గురించి ఇలా తీరిగ్గా ఒక్కో ముక్కే తెలుస్తుండగా, గుర్తుగా మాత్రం అది ఎప్పుడో స్థిరపడిపోయింది.

జన్యువు తీసేసిన ఎలుక బతకడం యాంటీబాడీ వాడేవాళ్లకు గొప్ప వరం. ఆ ఎలుక మెదడు ముక్క మీద యాంటీబాడీ వేస్తే రంగు రాకూడదు. వస్తే ఆ యాంటీబాడీ ఇంకేదో పట్టుకుంటోందన్నమాట. యాంటీబాడీ నిజాయితీకి ఇంతకన్నా కఠినమైన పరీక్ష లేదు. ప్రాణాధారమైన ప్రోటీన్ల విషయంలో ఈ పరీక్ష ఇంత తేలిగ్గా కుదరదు, ఎందుకంటే అవి లేని జంతువు పుట్టకముందో, పుట్టగానేనో చనిపోతుంది.

ప్రయోగశాలలో

వెస్టర్న్ బ్లాట్‌లో మెదడు సారాన్ని జెల్ మీద పరుగెత్తించి, పొర మీదికి మార్చి, యాంటీబాడీతో వెతికితే 38 కిలోడాల్టన్ల దగ్గర ఒకే మందపాటి గీత రావాలి. చక్కెర గొలుసును ఎంజైముతో తెంపేస్తే గీత కిందికి, సుమారు 34 దగ్గరికి దిగుతుంది. పక్కనే కాలేయ సారం కూడా నడిపించడం మంచి అలవాటు. అక్కడ గీత కనబడకూడదు.

కణజాలం మీద వాడేటప్పుడు పని రెండంచెల్లో జరుగుతుంది. మొదటి యాంటీబాడీ సినాప్టోఫిజిన్‌ను పట్టుకుంటుంది. రంగునో, కాంతినో, ఎంజైమునో మోసే రెండో యాంటీబాడీ మొదటిదాన్ని పట్టుకుంటుంది. ఎలుక నుంచి వచ్చిన మొదటి యాంటీబాడీని ఎలుక కణజాలం మీదే వేస్తే తంటా వస్తుంది. రెండో యాంటీబాడీ ఆ కణజాలంలో సహజంగా ఉన్న ఎలుక యాంటీబాడీలను కూడా పట్టుకుని అంతటా రంగు పూసేస్తుంది. అందుకే కుందేలు, గినీపిగ్ నుంచి తీసిన యాంటీబాడీలకు గిరాకీ. ఒకే ముక్క మీద మూడు నాలుగు ప్రోటీన్లను వేర్వేరు రంగుల్లో చూడాలన్నా వేర్వేరు జంతువుల యాంటీబాడీలుంటే సుళువు. చిన్న విషయమే గానీ కొత్తవాళ్ల ప్రయోగాలను చెడగొట్టేది ఇంకొకటి: సీసా పాడవకుండా కలిపే సోడియం అజైడ్, రంగు పుట్టించాల్సిన పెరాక్సిడేజ్ ఎంజైమును ఆపేస్తుంది. ఎంజైము తగిలించిన యాంటీబాడీ ద్రావణాల్లో అజైడ్ ఉండకూడదు.

యాంటీబాడీని సన్నటి పూసలకు అతికించి, మెదడు సారంలో ముంచి తీస్తే తిత్తులకు తిత్తులే పూసలకు అంటుకుని వస్తాయి. తోక తిత్తి బయటివైపు ఉండడం ఇక్కడ లాభం. 1980ల చివర్లో యాన్ బృందం ఈ పద్ధతితో కొద్ది నిమిషాల్లోనే చాలా శుద్ధమైన తిత్తులను లాగి, వాటిలో ఏ నాడీ రసాయనం ఉందో కొలిచింది. తిత్తులను వాడి పుట్టించిన యాంటీబాడీతోనే తిత్తులను శుద్ధిచేయడం ఈ రంగంలోని చక్కటి మలుపుల్లో ఒకటి.

చుక్కల లెక్క

నాడీ శాస్త్రంలో ఈ యాంటీబాడీని ఎక్కువగా వాడేది సినాప్సులు లెక్కపెట్టడానికి. మెరిసే రంగుతో చూస్తే మెదడు ముక్క నిండా చుక్కలే కనిపిస్తాయి. కణాల దేహాలు మాత్రం నల్లటి ఖాళీలుగా మిగిలిపోతాయి. ఆ చుక్కలను కంప్యూటర్ లెక్కిస్తుంది. పరిశోధనా పత్రంలో అది "సినాప్సుల సాంద్రత" అయి కూర్చుంటుంది. ఇక్కడే కాస్త ఆగాలి.

మామూలు కాంతి సూక్ష్మదర్శిని 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు. తిత్తి వ్యాసం 40. కాబట్టి ఒక చుక్క ఒక తిత్తి కాదు, ఒక కొసలోని వందలాది తిత్తుల గుంపు. పక్కపక్కనే ఉన్న రెండు కొసలు ఒక్క చుక్కగా కనబడవచ్చు. కణదేహంలో తయారై ఆక్సాన్ వెంట కొసకు ప్రయాణిస్తున్న సరుకు కూడా దారిలో చుక్కలా కనిపించవచ్చు. ఒక కొసలో తిత్తులు తగ్గితే చుక్క మసకబారి లెక్కలోంచి తప్పిపోతుంది, సినాప్స్ మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే జాగ్రత్త తెలిసినవాళ్లు అవతలి కణం వైపు ఉండే పీఎస్‌డీ-95 వంటి ప్రోటీన్‌కు రెండో రంగు వేసి, రెండు చుక్కలు జంటగా ఉన్నచోటే సినాప్స్ అని లెక్కిస్తారు. ఆ జంట కూడా అన్ని సినాప్సులకూ వర్తించదు. పీఎస్‌డీ-95 ఉద్రేకపరిచే సినాప్సుల గుర్తు. నెమ్మదింపజేసే వాటికి గెఫిరిన్ వంటి ఇంకో గుర్తు కావాలి.

సినాప్టోఫిజిన్ లేని సినాప్సులూ ఉన్నాయి. లోపలి చెవిలో, కాక్లియా అనే భాగంలో, శబ్దాన్ని అందుకునే రోమకణాలు అతి వేగంగా రసాయనం విడుదల చేస్తాయి, అయినా వాటి తిత్తుల్లో ఈ ప్రోటీన్ కనబడదు. కాక్లియా ముక్క మీద ఈ యాంటీబాడీ వేస్తే రంగెక్కేది మెదడు నుంచి చెవికి వచ్చే నాడుల కొసలు. ఆ సంగతి తెలియనివాడు ఆ చుక్కలను చూసి వినికిడి సినాప్సులు అనుకుంటే, సమాచారం సరిగ్గా తలకిందులవుతుంది.

ఇన్ని హెచ్చరికల మధ్య కూడా ఈ లెక్క ఒక పెద్ద ప్రశ్నకు దారి మార్చింది. అల్జీమర్స్ వ్యాధిలో మెదడులో కనిపించే అమిలాయిడ్ మచ్చలే మతిమరుపుకు కొలబద్ద అన్న భావన బలంగా ఉన్న రోజుల్లో, 1991లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ టెర్రీ బృందం చనిపోయిన రోగుల మెదళ్లను సినాప్టోఫిజిన్ యాంటీబాడీతో పరిశీలించింది. బతికున్నప్పుడు చేసిన మతి పరీక్షల్లో వాళ్లకు వచ్చిన మార్కులతో గట్టిగా పొంతన కుదిరింది ముందరి మెదడు బెరడులో మిగిలిన సినాప్సుల సాంద్రతకే. మచ్చల సంఖ్యకు ఉన్న పొంతన బలహీనం. సినాప్సుల నష్టమే మతిమరుపుకు దగ్గరి కారణం అన్న మాట ఆ తర్వాత గట్టిపడింది. టెర్రీ బృందం కొలిచింది రంగు గాఢతను, సినాప్సులను నేరుగా కాదు అన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో సినాప్సులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన పనులు కూడా అదే దిశలో ఉండడంతో ఆ నిర్ధారణ నిలబడింది. ఒక్క యాంటీబాడీ మాట మీదే కట్టి ఉంటే అంత బలం వచ్చేది కాదు.

ఆసుపత్రిలో

ఈ యాంటీబాడీకి ఆసుపత్రి దారి చూపింది కూడా హైడెల్‌బర్గ్ బృందమే. నాడీకణాల్లోనే కాక అడ్రినల్ గ్రంథి లోపలి భాగంలోనూ, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే దీవుల్లోనూ, పేగు గోడల్లో అక్కడక్కడా ఉండే హార్మోన్ కణాల్లోనూ సినాప్టోఫిజిన్ ఉంటుంది. ఈ కణాల్లో హార్మోన్లను నిల్వచేసే పెద్ద గుళికలతో పాటు సినాప్టిక్ తిత్తులను పోలిన చిన్న తిత్తులూ ఉంటాయి. అలాంటి కణాలు క్యాన్సరుగా మారితే ఆ చిన్న తిత్తుల గుర్తు చాలాసార్లు చెరిగిపోదు. 1986లో వీడెన్‌మాన్, ఫ్రాంకె, సహచరులు న్యూరోఎండోక్రైన్ కణాలకూ కణితులకూ సినాప్టోఫిజిన్‌ను గుర్తుగా ప్రతిపాదించారు. అప్పటికే వాడుకలో ఉన్న క్రోమోగ్రానిన్-ఏ అనే గుర్తు పెద్ద గుళికల్లో ఉంటుంది. కణితి కణాలు ముతకబడేకొద్దీ ఆ గుళికలు తగ్గిపోతాయి, చిన్న తిత్తులు మాత్రం మిగులుతాయి. అందుకే ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్ వంటి దుడుకు కణితుల్లో క్రోమోగ్రానిన్ పలకకపోయినా సినాప్టోఫిజిన్ పలకడం మామూలే.

న్యూరోఎండోక్రైన్ కణితి అన్న మాట మన దేశంలో చాలామంది చెవిన మొదటిసారి పడింది 2018 మార్చిలో, హిందీ నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకు ఆ జబ్బు వచ్చిందని ప్రకటించినప్పుడు. 2006లో వచ్చిన 'సైనికుడు' చిత్రం ద్వారా ఆయన తెలుగు ప్రేక్షకులకూ తెలుసు. ఈ కణితుల గురించి పాథాలజీ నివేదికలు చదవాల్సి వచ్చిన కుటుంబాలకు బయాప్సీ, బ్లాకు, స్లైడు, ఐహెచ్‌సీ అనే మాటలు కంఠతా వచ్చేస్తాయి. ఐహెచ్‌సీ (యాంటీబాడీతో కణజాలానికి రంగు వేసే పరీక్ష) కాగితంలో "సినాప్టోఫిజిన్: పాజిటివ్" అని ఉండే వరుస ఈ యాంటీబాడీ పనే.

ఆ వరుస వెనక జరిగేది ఇది. బయాప్సీ ముక్కను ఫార్మలిన్‌లో స్థిరపరచి, మైనంలో పోతపోసి బ్లాకు చేస్తారు. దాని నుంచి 3, 4 మైక్రోమీటర్ల మందం పొరలు కోసి స్లైడు మీద పరుస్తారు. ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి కట్టేసి యాంటీబాడీ పట్టే చోటును మూసేస్తుంది. తగిన ద్రావణంలో బాగా వేడిచేస్తే ఆ కట్లు వదులై చోటు తెరుచుకుంటుంది. 1991లో మైక్రోవేవ్ పొయ్యితో మొదలైన ఈ చిట్కా రాకముందు ఎన్నో యాంటీబాడీలు మైనపు బ్లాకుల మీద పనికిరాకుండా పోయేవి. ఆ తర్వాత యాంటీబాడీ, దాని మీద పెరాక్సిడేజ్ మోసే మరో పొర, చివరికి డీఏబీ అనే రసాయనం. ప్రోటీన్ ఉన్న కణాల్లో అది గోధుమరంగు రేణువులుగా పేరుకుంటుంది, మిగతా కణజాలం నీలంగా ఉంటుంది.

రంగు సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే ప్రతి దఫాలోనూ ఒక తెలిసిన కణజాలాన్ని పక్కన నడిపించాలి. దానికి అపెండిక్స్ చవకైనదీ, చక్కనిదీ. గోడలోని నాడుల వల గాఢంగా పలకాలి. అది పలికితే చాలదని అనుభవజ్ఞులు అంటారు. నాడుల్లో ప్రోటీన్ దండిగా ఉంటుంది కాబట్టి నాసి పద్ధతికీ అవి రంగెక్కుతాయి. లోపలి పొరలోని, జిగురు స్రవించే గాబ్లెట్ కణాల్లో కనిపించే లేత రంగు కూడా వచ్చినప్పుడే తక్కువ ప్రోటీన్ ఉన్న కణితులను ఆ పద్ధతి వదిలిపెట్టదని నమ్మకం. వాణిజ్య ప్రపంచంలో ఇప్పుడు ఎస్‌వై38 ఒక్కటే కాదు. 27జీ12, డాక్-సినాప్ వంటి ఎలుక క్లోన్లు, ఎస్‌పీ11, ఎమ్‌ఆర్‌క్యూ-40 వంటి కుందేలు క్లోన్లు ఉన్నాయి. ఏ క్లోన్ ఏ యంత్రంలో ఏ పలుచదనంతో మెరుగ్గా పనిచేస్తుందో తేల్చడానికి డెన్మార్క్ కేంద్రంగా నడిచే నార్డిక్యూసీ వంటి సంస్థలు ప్రయోగశాలలకు ఒకే రకం స్లైడ్లు పంపి ఫలితాలు పోల్చి చూస్తాయి.

మెదడు కణితుల్లోనూ దీని పాత్ర పెద్దది. పిల్లల్లో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా, మెదడు గదుల్లో పెరిగే సెంట్రల్ న్యూరోసైటోమా వంటివి సినాప్టోఫిజిన్ పలికించి తమ నాడీ లక్షణాన్ని బయటపెడతాయి. కాకపోతే చుట్టూ ఉన్న మామూలు మెదడు ముందే ఈ ప్రోటీన్‌తో నిండి ఉంటుంది కాబట్టి, రంగెక్కింది కణితి కణమా, కణితి మింగేసిన మెదడు నేపథ్యమా అని విడదీయడం తేలిక కాదు. చదివే కంటికి ఇక్కడే పరీక్ష.

పాజిటివ్ అంటే

ఒక్క సినాప్టోఫిజిన్ పలికిందని న్యూరోఎండోక్రైన్ కణితి అని రాసేస్తే ప్రమాదం. అడ్రినల్ గ్రంథి బయటి పొర నుంచి పుట్టే కణితులు స్టెరాయిడ్ హార్మోన్ల కణాలవి. నాడీ సంబంధం ఏమీ లేదు. అయినా సినాప్టోఫిజిన్ పలుకుతాయి. క్రోమోగ్రానిన్ మాత్రం పలకవు. అదే గ్రంథి లోపలి భాగం నుంచి పుట్టే ఫియోక్రోమోసైటోమా రెండూ పలుకుతుంది. రెండు గుర్తులూ కలిపి చదివితే తేలే విషయం, ఒక్కటి చదివితే తలకిందులవుతుంది. ఫియోక్రోమోసైటోమా ఉన్న మనిషిని ముందస్తు మందులు లేకుండా ఆపరేషన్‌కు తీసుకెళితే రక్తపోటు ప్రాణాంతకంగా ఎగసిపడవచ్చు, కాబట్టి ఈ తేడా పుస్తకాలకు పరిమితమైన తేడా కాదు.

యువతుల్లో ఎక్కువగా కనిపించే క్లోమపు సాలిడ్ సూడోపాపిల్లరీ కణితి కూడా తరచూ సినాప్టోఫిజిన్ పలికి, న్యూరోఎండోక్రైన్ కణితిలా వేషం వేస్తుంది. ఊపిరితిత్తుల మామూలు క్యాన్సర్లలోనూ పది ఇరవై శాతం దాకా ఏదో ఒక న్యూరోఎండోక్రైన్ గుర్తు పలుకుతుంది. దాని వల్ల జబ్బు పేరుగానీ చికిత్సగానీ మారదు. అందుకే సూక్ష్మదర్శినిలో కణాల అమరిక అనుమానం కలిగించనప్పుడు ఈ రంగు వేయనక్కర్లేదన్నది స్థిరపడిన సలహా. వేసి, పాజిటివ్ వచ్చాక తల పట్టుకోవడం కన్నా అసలు వేయకపోవడమే మేలు.

జాతి తేలాక కూడా తీవ్రత గురించి సినాప్టోఫిజిన్ నోరు విప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 వర్గీకరణ ప్రకారం జీర్ణవ్యవస్థ న్యూరోఎండోక్రైన్ కణితుల స్థాయిని కణ విభజనల లెక్క, విభజన దారిలో ఉన్న కణాలను చూపే కీ-67 గుర్తు శాతం నిర్ణయిస్తాయి. కీ-67 మూడు శాతం లోపు ఉంటే మొదటి స్థాయి, 3 నుంచి 20 దాకా రెండోది, 20 దాటితే మూడోది. గోధుమరంగు ఎంత గాఢంగా ఉంటే జబ్బు అంత ముదిరిందని రోగులు భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. చాలాసార్లు నిదానంగా పెరిగే కణితే గాఢంగా పలుకుతుంది.

సినాప్టోఫిజిన్, క్రోమోగ్రానిన్‌లకు తోడు ఈ మధ్యకాలంలో ఐఎన్‌ఎస్‌ఎమ్1 అనే గుర్తు వచ్చింది. ఇది కణకేంద్రకంలో పలుకుతుంది కాబట్టి ఔను, కాదు అని తేల్చడం సులువు. అది వచ్చినా సినాప్టోఫిజిన్‌ను ఎవరూ పక్కన పెట్టలేదు.

నమ్మకం

యాంటీబాడీల నాణ్యత మీద గత పదిహేనేళ్లుగా శాస్త్ర ప్రపంచంలో రచ్చ జరుగుతోంది. ఒకే పేరుతో అమ్మే సీసాలు దఫా దఫాకీ వేరుగా ప్రవర్తించడం, చెప్పిన ప్రోటీన్ కాక మరొకటి పట్టుకోవడం, పరిశోధనా పత్రాల్లో ఏ క్లోన్ వాడారో రాయకపోవడం. 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లూక్‌థున్ చొరవతో పెద్ద సంఖ్యలో శాస్త్రవేత్తలు, జన్యు క్రమం తెలిసిన రీకాంబినెంట్ యాంటీబాడీలకే మారాలని పిలుపునిచ్చారు. 2016లో మథియాస్ ఊలెన్ తదితరులు యాంటీబాడీని పరీక్షించడానికి ఐదు దారులు సూచించారు. వాటిలో మొదటిది జన్యువును తొలగించి చూడడం.

ఈ గొడవలో సినాప్టోఫిజిన్ యాంటీబాడీలు మంచి స్థానంలో ఉన్నాయి. ప్రోటీన్ సమృద్ధిగా ఉంటుంది, దాని జన్యువు లేని ఎలుక దొరుకుతుంది, వేర్వేరు జంతువుల నుంచి వచ్చిన స్వతంత్ర క్లోన్లు ఒకే చిత్రాన్ని చూపుతాయి. మిగిలే బెడద దగ్గరి బంధువులతో. సినాప్టోపోరిన్, పాంటోఫిజిన్, సినాప్టోగైరిన్ అదే కుటుంబానివి. ప్రోటీన్ మొత్తం మీద తయారుచేసిన, అనేక రకాల యాంటీబాడీలు కలగలిసిన పాలీక్లోనల్ సీరం వాటినీ కాస్త పట్టుకోవచ్చు. ఏ క్లోన్, ఏ దఫా, ఎంత పలుచన అన్న మూడు వివరాలు లేని సినాప్టోఫిజిన్ చిత్రాన్ని ఎంత అందంగా ఉన్నా నమ్మనక్కర్లేదు.

పక్కింటి యాంటీబాడీలు

1985లోనే కాథ్లీన్ బక్లీ, రెజిస్ కెల్లీ సముద్రపు విద్యుత్ చేప తిత్తులతో ఎస్‌వీ2 అనే మరో తిత్తి ప్రోటీన్‌కు మోనోక్లోనల్ యాంటీబాడీ సాధించారు. 1992లో మికేలా మత్తేయోలి, పియెత్రో డి కామిల్లి బృందం సినాప్టోటాగ్మిన్‌లో తిత్తి లోపలివైపు ఉండే భాగానికి యాంటీబాడీ వాడి ఒక తెలివైన పని చేసింది. తిత్తి కణపు పొరతో కలిసినప్పుడు లోపలి భాగం క్షణకాలం బయటికి తెరుచుకుంటుంది. చుట్టూ ద్రవంలో ఉన్న యాంటీబాడీ అప్పుడు దానికి అంటుకుని, తిత్తితో పాటే లోపలికి పోతుంది. ఏ కొసల్లో తిత్తులు నిజంగా పనిచేస్తున్నాయో బతికున్న నాడీకణంలో అలా తెలిసింది. తోకను పట్టుకునే సినాప్టోఫిజిన్ యాంటీబాడీ ఈ పని చేయలేదు. ఆ లోటు తీర్చడానికి 2006లో లియోన్ లాగ్నాడో బృందం దారి మార్చి, సినాప్టోఫిజిన్ లోపలి మెలికలోనే ఆమ్లత్వాన్ని బట్టి వెలుగు మార్చే ప్రోటీన్‌ను చొప్పించింది. తిత్తి తెరుచుకుంటే వెలుగుతుంది, మూసుకుని మళ్లీ ఆమ్లమైతే ఆరిపోతుంది. అందులో యాంటీబాడీ అవసరమే లేదు.

ఎస్‌వీ2 కథ ఇంకో వైపు మళ్లింది. మూర్ఛకు విరివిగా వాడే లెవెటిరాసిటమ్ మందు మెదడులో అతుక్కునేది ఎస్‌వీ2 రూపాల్లో ఒకటైన ఎస్‌వీ2ఏకేనని 2004లో తేలింది. ఆ మందును పోలిన అణువుకు రేడియోధార్మిక కార్బన్ తగిలించి, పెట్ స్కానులో బతికున్న మనిషి మెదడులోనే సినాప్సుల సాంద్రతను అంచనా వేసే పద్ధతి 2016లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. స్కాను చూపేది నిజంగా సినాప్సుల సాంద్రతేనని రుజువు కావాలి కదా. అందుకు ఆ బృందం బబూన్ మెదడులోని వేర్వేరు భాగాల్లో ఎస్‌వీ2ఏ ఎంతుందో, సినాప్టోఫిజిన్ ఎంతుందో వెస్టర్న్ బ్లాట్‌లో పక్కపక్కన పెట్టి కొలిచింది. రెండూ కలిసి పెరిగాయి, కలిసి తగ్గాయి.